దెబ్బకింత తగ్గింపు

ఆ ఎండాకాలం మా నాన్నకి చూపు పోతోందని వీధిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో అమ్మకీ, నాకూ, చెల్లికీ తెలుసు. ఆయనకి మా అందరికన్నా ముందే తెలుసు. అయినా ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు, ఆయనతో సహా.

మాది పాత సామాన్లు కొని అమ్మే దుకాణం. వీధి పొడుగునా అవే దుకాణాలు. మంచాలు, బీరువాలు, కుర్చీలు, అద్దం పోయిన డ్రెస్సింగ్ టేబుళ్ళు. సామాన్లు అందరి దగ్గరా ఉండేవి గాని, ధర కట్టడంలో మాత్రం మా నాన్న తర్వాతే ఎవరైనా. పెద్ద బేరం వస్తే మిగతా దుకాణాల వాళ్ళు కూడా ఆయన్ని పిలుచుకెళ్ళేవారు. సామాను చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్ళ కణుపులతో రెండు చోట్ల తట్టి, వంగి అడుగు చూసి ఒక అంకె చెప్పేవాడు. ఆ అంకె ఇక కదిలేది కాదు. అందుకే ఆయన్ని త్రాసు అనేవారు. ఎదురుగా త్రాసుగారూ అనీ, వెనక త్రాసుగాడు అనీ.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. చదువు ఆపేసి రెండేళ్ళుగా దుకాణంలో చీటీలు రాస్తున్నాను. వేసవి మొదట్లో ఒకరోజు నాన్న ఒక బీరువా ముందు నిలబడి, "ఈ పచ్చరంగు తర్వాత కొట్టింది" అన్నాడు. బీరువా బూడిద రంగులో ఉంది. అమ్మడానికి వచ్చినాయన తెల్లబోయి నా వంక చూశాడు.

"లోపల అరల్లో చూడండి, అంచుల దగ్గర పచ్చ బయటపడుతోంది" అన్నాను. ఆయన చీకట్లోకి తల దూర్చి, ఏమీ తేల్చుకోలేక, ఉంటుందేమోలే అని ఊరుకున్నాడు.

ఆయన అటు వెళ్ళగానే నాన్న దగ్గరికి రమ్మన్నాడు. వెళ్ళాను. చెంప పగిలేలా కొట్టాడు.

"ఎందుకు నాన్నా? సర్దాను కదా."

"ఆలస్యంగా సర్దావు. వాడు నీ మొహం చూసేదాకా ఆగావు."

మర్నాటి నుంచి నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకి పెద్దరికంగా ఉండేది. నేను పుస్తకం పట్టుకుని ఆయన వెనకే నిలబడి, ఎడం చేత్తో ఆయన అరచేతిలో నొక్కేదాన్ని. ఒక నొక్కు నొక్కితే గీత. రెండు నొక్కితే కాలు వదులు. పట్టుకుని వదలకపోతే కొత్త చెక్కకి పాత రంగు. మిగతాది ఆయన వేళ్ళే చూసుకునేవి. కళ్ళు తగ్గిన కొద్దీ ఆ వేళ్ళకి కళ్ళొచ్చాయి. నేను చూసి కూడా పట్టుకోలేని మెరకలు ఆయన తడిమి పట్టుకునేవాడు. తప్పు నొక్కితే మాత్రం జనం వెళ్ళేదాకా ఆగి, అదే చేత్తో నా మణికట్టు పట్టి బట్ట పిండినట్టు పిండేవాడు.

పక్క దుకాణం మంచాలాయన ఒకరోజు నన్నడిగాడు. "ఇంత ఎండలో ఆ పొడుగు చేతుల జాకెట్టు ఏమిటే అమ్మాయ్?"

"నల్లబడకుండా బాబాయ్."

"నల్లబడకుండానా, నీలంగా ఉన్నది కనపడకుండానా?" అని నవ్వాడు. అన్నీ తెలిసిన మనిషి ఆయన. తెలియడంతోనే ఆయన పని అయిపోయేది.

ఆ నెలలోనే ఒక బ్రోకరు దుకాణంలో నిలబడి, "త్రాసుకి తుప్పు పట్టినట్టుందే, చేతులు పెట్టి తడుముతున్నాడు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నాన్న తల కూడా తిప్పలేదు. పక్కన పడున్న విరిగిన కుర్చీ కాలు తీసి, మాట వచ్చిన వైపు విసిరాడు. అది బ్రోకరు నోటికి తగిలింది. అతను రెండు చేతులతో మూతి పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తంతోపాటు ఒక పన్ను గచ్చు మీద పడింది. వీధంతా మూగింది. ఇరవై అడుగుల దూరం నుంచి, తల తిప్పకుండా ఏం గురి అని ఆ సాయంత్రమంతా చెప్పుకున్నారు. చూపు లేని మనిషి అని ఎవడికి తోస్తుంది?

నాన్న ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికి వచ్చాడు.

ఇంట్లో ఆయనకి ఇంకో గురి ఉండేది. మా భోజనాల బల్ల అమ్మది. అమ్మ హాస్టల్లో వంట చేసేది. మొదటి ఏడాది జీతం కూడబెట్టి ఆ బల్లని మా దుకాణంలోనే కొనుక్కుంది. కట్టుకున్న భార్య కదా అని నాన్న దమ్మిడీ తగ్గించలేదు. చీటీ కూడా రాసిచ్చాడు. కొన్న కొన్నాళ్ళకే అమ్మ దాని మీద మందపాటి పూల రెగ్జిను పరిచి, అంచులు అడుగువైపు మడిచి మేకులు కొట్టేసింది. అది మొదలు ఆ చెక్క మొహం ఎవరమూ చూడలేదు.

నాన్న దుకాణం తాళంకప్పని వెంట తెచ్చుకునేవాడు. పిడికిలి నిండా పట్టే ఇనుపకప్ప. భోజనానికి కూర్చుంటే కంచానికి కుడిపక్కన పెట్టుకునేవాడు. మామూలు కోపాలకి ఆయన చేతులు చాలేవి. పెద్ద కోపం వస్తే మాత్రం కప్ప ఎత్తి బల్ల మీద దించేవాడు. మనిషి మీద కాదు, మనిషి చేతికి అంగుళం ఇవతల. గిన్నెలు ఎగిరేవి, నీళ్ళు ఒలికేవి. "ఎందుకంత భయం? నా అంగుళం నాకు తెలుసు" అనేవాడు. నిజంగానే తెలుసు. అన్నేళ్ళలో ఒక్కసారి తగల్లేదు. మా ముగ్గురికీ ఒకటే జాగ్రత్త. ఆయన కప్ప ఎత్తినప్పుడు చేతులు కదపకూడదు. కదిపితే తగుల్తుంది. తగిలితే తప్పు మనది.

వీధికి సెలవు రోజు అది. మధ్యాహ్నం నలుగురం తింటున్నాం. చెల్లికి పన్నెండేళ్ళు, మాట ఆగదు. తింటూ తింటూ, "నాన్నా, మా స్కూల్లో కళ్ళ పరీక్షలు చేస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. అద్దాలు ఊరికే ఇస్తారట" అంది.

అమ్మ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. నేను ముద్ద నోట్లోనే ఉంచుకున్నాను.

"ఎవరికే అద్దాలు?" అన్నాడు నాన్న.

"చిన్నపిల్ల, ఏదో అంది. తినండి" అంది అమ్మ.

"దానికి నేర్పింది ఎవరు?" అని కప్ప ఎత్తాడు.

ఎప్పుడూ వచ్చే చప్పుడు రాలేదు. తడిబట్ట మీద కొట్టినట్టు వచ్చింది. అమ్మ కేక వెయ్యలేదు. "తగిలింది" అంది, వీధి తలుపు ఎవరో తట్టారు అన్నంత మామూలుగా. రెగ్జిను మీద పూలకి రంగు మారుతోంది.

"చెయ్యి కదిపావు" అన్నాడు నాన్న.

"కదపలేదు."

"కదిపావే. నా అంగుళం నాకు తెలియదా? కదిపి, పైగా కాదంటావా?" అని మళ్ళీ ఎత్తాడు. ఈసారి బల్ల కోసం ఎత్తినట్టు లేదు. చెల్లి ఒక్క ఉదుటున వంగి అమ్మ చేతి మీద తన చెయ్యి కప్పేసింది. నాన్న చెయ్యి ఆగకుండా దిగుతోంది. ఆయనకి ఆ చెయ్యి కనపడలేదు.

"చెల్లి చెయ్యి నాన్నా" అన్నాను.

కప్ప గాలిలో ఆగింది. ఆయన తల కాస్త పక్కకి వంచి, బల్ల మీద ఏముందో చూడబోయాడు. ఎంతసేపు చూసినా తేలలేదు. కప్పని పక్కన పెట్టి, కంచం ఎక్కడుందో తడిమి చూసుకుని, మిగిలింది తిన్నాడు.

అమ్మకి కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ విరిగాయి. కట్టు కట్టే మనిషికి తలుపు సందులో పడ్డాయని చెప్పింది. ఆరు వారాల దాకా గరిటె పట్టకూడదన్నాడు. హాస్టలు వాళ్ళు రెండో రోజుకే ఇంకో మనిషిని పెట్టుకున్నారు.

మూడో రోజు పొద్దున్న అమ్మ ఎడం చేత్తో చెల్లికి జడ వెయ్యడానికి తంటాలు పడుతోంది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

"మీ పిన్ని వాళ్ళ ఊళ్ళో రెండు గదులు చూసింది. పక్కనే హాస్టలుందట, చెయ్యి బాగయ్యాక వంట పని ఇస్తామన్నారు. నెలాఖరులోపు నాలుగు వేలు అడ్వాన్సు కట్టాలి. లేకపోతే గదులు వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి" అంది.

ఇన్నేళ్ళలో అమ్మ నోట వెళ్ళడం అనే మాట రాలేదు.

"వేళ్ళు విరిగాయనా?" అన్నాను.

"నా వేళ్ళకేం, అతుక్కుంటాయి. రెండోసారి ఎత్తినప్పుడు నువ్వు చెప్పబట్టి ఆగాడు. నువ్వు మంచినీళ్ళకి లేచి వెళ్ళి ఉంటే?"

"నీ దగ్గర ఎంత ఉంది?"

"బల్ల ఉంది" అంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం వెనక దారిన మంచాలాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన అమ్మ కట్టు చూశాడు. అడగలేదు. బల్ల సంగతి వినగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"వదినా, నన్ను బతకనివ్వు. మన వీధిలో ఒకడి ఇంటి సామాను ఇంకొకడు కొనడు. కొంటే అన్నయ్య దివాలా తీశాడని నేను చాటింపు వేసినట్టే. ఆ కుర్చీ కాలు ఈసారి నా మూతికి వస్తుంది."

"ఊరవతల దుకాణాల్లో?"

"వాళ్ళు ధర కట్టించుకోడానికి ఎవరి దగ్గరికి వస్తారనుకుంటున్నావు?"

తిరిగి వస్తుంటే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అమ్మ చేతిసంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చబోయి, కట్టు గుర్తొచ్చి ఆగింది.

"అయితే ఆయనకే అమ్ముదాం" అంది.

"తెలిసిపోతుందమ్మా."

"ఎలా తెలుస్తుంది? ఆయనకి కనపడదుగా."

ఆ మాట మా ఇంట్లో మొదటిసారి అన్నది అలా, నడిరోడ్డు మీద. అన్నాక ఇద్దరం చుట్టూ చూశాం.

రెగ్జిను విప్పింది నేనే. మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో లాగి, గుడ్డ పైకెత్తాను. ఎత్తి అలాగే ఉండిపోయాను. నాన్న కూర్చునే వైపు చెక్క చెక్కలా లేదు. మశూచి పోసిన మొహంలా ఉంది. గుంట మీద గుంట, కొన్ని నల్లబడ్డవి, కొన్ని లోపలి పేడు లేచినవి. మిగతా పలకంతా నున్నగా, తేనె రంగులో, కొన్ననాటి మెరుపుతో ఉంది.

అమ్మ వాటిని వేలితో చూపిస్తూ పోయింది. "ఇది నీకు లెక్కల్లో మార్కులు తగ్గినప్పటిది. ఇది మా తమ్ముడొచ్చి రెండు రోజులు ఎక్కువ ఉన్నందుకు. ఇది ఎందుకో గుర్తులేదు. ఇది చెల్లి కడుపులో ఉండగా." సరుకు సరిచూసుకుంటున్న మనిషిలా ఉంది గాని, బాధపడుతున్నట్టు లేదు.

చెక్కకి సొట్ట పడితే బాగుచేసే ఉపాయం నాకు నాన్నే నేర్పాడు. సొట్ట మీద తడిగుడ్డ పరిచి కాలిన ఇస్త్రీపెట్టె ఆనిస్తే, నలిగిన చెక్క ఆవిరి పీల్చి పైకి ఉబుకుతుంది. పేడు తెగని సొట్టలే లేస్తాయి. తెగినవి లేవవు. అమ్మ చెయ్యి బాగాలేదు, వంట చెయ్యాలని చెప్పి దుకాణం నుంచి ముందే వచ్చేసి, నాలుగు రోజులు ఇస్త్రీ పెట్టాను. ఎనిమిదో తొమ్మిదో లేచాయి. మిగతా వాటిలో మైనం నింపి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిషు పూశాను. సాయంత్రాలు రెగ్జిను మళ్ళీ పరిచేవాళ్ళం. ఆయన దాని మీదే తినేవాడు.

"వార్నిషు వాసన వస్తోందేం?" అన్నాడు ఒకరోజు.

"మీ బట్టలకే వస్తోంది" అంది అమ్మ.

నెలాఖరుకి మూడు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, బండాయన ఆ బల్లని మా దుకాణంలోకి తెచ్చి దించాడు. వీధి సామాన్లన్నీ మోసే మూడు చక్రాల బండి ఆయనది. బండి మీద రెండు మూటలు, వాటి మీద చెల్లి. ధర చేతికి రాగానే అటునుంచి అటే వెళ్ళిపోవాలని అనుకున్నాం. అమ్మ బండి దగ్గరే ఉంటుందనుకున్నాను. ఉండలేదు. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, నిలబెట్టిన పరుపుల పక్కన నిలబడింది.

"ఎవరిది?" అన్నాడు నాన్న.

"ఒకావిడ పంపింది. నాలుగున్నర వేలు అడుగుతోంది" అన్నాడు బండాయన, గోడ మీద క్యాలెండరు చూస్తూ.

"అడగడానికేం. నోరున్నదల్లా అడుగుతుంది."

ఇంతలో మంచాలాయన పళ్ళు కుట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. బల్లని చూశాడు. పరుపుల వైపు చూశాడు. పుల్ల నోట్లోంచి తీసేశాడు గాని, వెళ్ళలేదు.

నాన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను నా చెయ్యి ఆయన అరచేతిలో పెట్టి, కదపకుండా ఉంచాను.

"ఏం లేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం లేదు నాన్నా. బాగానే ఉంది."

"బాగానే ఉన్నదాన్ని ఎవరూ అమ్ముకోరు" అని నా చెయ్యి వదిలేసి వంగాడు.

ముందు కాళ్ళు ఊపి చూశాడు. అడుగున చెయ్యి పెట్టి పలక అతుకులు వెతికాడు. అంచు కింద మేకుల చిల్లులు తగిలితే, గుడ్డేదో కప్పేవారు అనుకుని ముందుకి పోయాడు. ఆ వీధిలో అలాంటి బల్లలు నెలకి పది వస్తాయి. "చెక్క మంచిది. కాళ్ళు గట్టివి. పైన ఒకటే పలక, అతుకు లేదు. ఈ రోజుల్లో దొరకదు. శుభ్రంగా ఉంటే ఆరు వేలు. కుర్చీలున్నాయా?"

"లేవు."

"అయితే ఐదు."

అమ్మ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆమె పెదవులు తడుపుకుంది.

నాన్న అరచెయ్యి పలక మీద మెల్లగా పాక్కుంటూ పోయింది. నున్నటి చోటంతా దాటి, ఆ చివరికి చేరి ఆగింది. గోటితో గీకాడు. గోట్లోకి మైనం వచ్చింది. వాసన చూశాడు.

"బాగానే ఉందన్నావు."

"చిన్న సొట్ట. దానికేముంది, ఎవరింట్లోనైనా గిన్నెలు జారి పడతాయి" అన్నాను.

"జారి పడితే అంచు తగుల్తుంది. ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన ఉంటుంది. ఇది నిటారుగా దిగింది. ఇది పడ్డది కాదు, కొట్టింది." గోరు ఇంకో చోట దిగింది. ఇంకో మైనపు బిళ్ళ లేచింది. "ఇదీ అంతే. దెబ్బకి వంద తీసెయ్యి. రాయి."

"వంద ఎక్కువ నాన్నా."

దుకాణంలో ఆయన ధరకి ఎదురు చెప్పడం నాకదే మొదలు. ఆయన మొహం నా వైపు తిప్పాడు. కళ్ళు నా చెవి పక్కన ఎక్కడో చూస్తున్నాయి. "ఎక్కువా? నీ అబ్బ సొమ్మా?" అన్నాడు. మంచాలాయన నవ్వబోయి మింగేశాడు.

తర్వాత నాన్న ఆగలేదు. ఆ పని ఆయనకి అంత ఇష్టం. వేళ్ళు ఒక్కో గుంటా వెతికి పట్టుకుంటుంటే నోరు చెప్పుకుంటూ పోయింది. "ఇది బరువైన ఇనుము. మూలలు గుండ్రం. ఇదీ అదే వస్తువు. ఇదీ అదే. కుడిచేతి వాటం. అన్నీ ఒక చివరే ఉన్నాయి చూడు, కూర్చున్న చోటునుంచి లేవకుండా కొట్టాడు. వీడెవడో తిండి తింటున్నాడో, కమ్మరి కొలిమి నడుపుతున్నాడో." మంచాలాయన వైపు తిరిగి, "విన్నావా? నువ్వు మంచాలు చూసి మొగుడూ పెళ్ళాల సంగతి చెప్పగలవా? నేను బల్ల చూసి కాపురం చెప్తాను" అన్నాడు.

"చెప్తావు అన్నయ్యా" అన్నాడు మంచాలాయన.

"ఇటు చూడు. ఎదుటి అంచు కింద వార్నిషు అరిగిపోయింది. ఎవరో రెండు చేతులతో పట్టుకుని కూర్చునేవాళ్ళు. రోజూ. గోళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి."

అది నేను కూర్చునే చోటు.

"ఎంతకి వచ్చింది?" అన్నాడు.

"రెండు వేల తొమ్మిది వందలు" అన్నాను. ఒక్కో దెబ్బకీ గదుల్లో ఒక్కో గోడ కూలుతున్నట్టుంది. ఇరవై ఒక్క దెబ్బలు ఆయనే కొట్టాడు. ఇరవై ఒకటికీ ఆయనే తగ్గించాడు.

"ఇంట్లో మనుషులున్నారు, వాళ్ళ మధ్య ఒక పశువు ఉంది" అన్నాడు నాన్న, గోళ్ళలో మైనం దులుపుకుంటూ. "బండాయనా, ఆవిడకి చెప్పు, ఇంతకంటే రాదని. పశువున్న కొంపలో ఏదీ ధర పలకదని కూడా చెప్పు."

బండాయన మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఇంకొకటి మిగిలింది" అని నాన్న చెయ్యి మళ్ళీ వెనక్కి వచ్చింది. దానిలో నేను మైనం సరిగ్గా నిలపలేకపోయాను. "ఇది కొత్తది. నెల కూడా కాలేదు, పేడు ఇంకా పచ్చిగా ఉంది. ఇది మిగతావాటిలా లేదే. అటు చివర లోతుగా ఉంది, ఇటు అసలు లేదు. కప్ప సమంగానే దిగింది. ఇటుపక్క మధ్యలో ఏదో మెత్తగా అడ్డం..."

మాట ఆగిపోయింది. వేలు మాత్రం ఆ గుంట చుట్టూ తిరిగింది. ఒకసారి, రెండోసారి. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ చాచి, గుంట నుంచి ఆ చివర అంచు దాకా కొలిచాడు. తను కూర్చునే దూరం కొలుచుకున్నాడు.

కప్ప అన్నది తనే. ఎవరూ చెప్పలేదు.

బయట చెల్లి బండి మీద కాళ్ళు ఊపుతుంటే రేకు టకటకమంటోంది.

"మీ అమ్మ ఎక్కడుంది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే, "ఇక్కడే ఉన్నాను" అంది అమ్మ.

ఆయన చెయ్యి కౌంటరు మీదికి పోయింది. తాళంకప్ప ఎప్పుడూ ఉండే చోటే ఉంది. తీసి, మాట వచ్చిన వైపు రెండడుగులు వేసి, తల మీదినుంచి పూర్తి బలంతో దించాడు. బ్రోకరు నోరు పగిలిన ఊపు అది. అమ్మ అరవలేదు, పరిగెత్తలేదు. చప్పుడు చెయ్యకుండా ఒక్క అడుగు పక్కకి జరిగింది. అంతే. చెప్పులు లేని కాలు కాబట్టి ఆయనకి వినపడలేదు. కప్ప వచ్చి బల్ల మూల మీద పడింది. పలక నిలువునా పగిలి, ఒక ముక్క ఎగిరి పరుపులో గుచ్చుకుంది. ఆ ఊపుకి ఆయన మోకాళ్ళ మీద పడి, బల్ల కాలు పట్టుకుని లేచాడు. నుదురు చీరుకుని రక్తం కంట్లోకి కారుతోంది. తుడుచుకోలేదు.

"ఎక్కడే? ఎక్కడున్నావే?" అంటున్నాడు.

గుమ్మంలో మంచాలాయన ఆయన కళ్ళనే చూస్తున్నాడు. బండాయన కూడా. వీధికి ఆ రోజు తెలిసింది.

అమ్మ బల్లకి అవతలి వైపునుంచి మాట్లాడింది.

"ఆ దెబ్బ దుకాణంలో తగిలింది. అది అమ్మేవాళ్ళ లెక్కలోకి రాదు. మీ చేతిలో పగిలింది కాబట్టి మీరే తీసుకోవాలి. అడిగిన ధరకి."

పగిలిన సామాను పగలగొట్టినవాడిదే అన్నది ఎక్కడైనా ఉన్న మాటే. మా వీధిలో దాని మీద తగువులు తీర్చేది కూడా నాన్నే.

"అదైతే నిజం అన్నయ్యా" అన్నాడు మంచాలాయన, ఒక కాలు వీధిలో పెట్టి.

నాన్న ఊపిరి పైకీ కిందికీ పోతోంది. కప్ప ఇంకా చేతిలోనే ఉంది. ఏ వైపు విసరాలో తెలియడం లేదు. నలుగురం నాలుగు చోట్ల నిలబడి ఉన్నాం, ఎవరమూ చప్పుడు చెయ్యడం లేదు. చాలాసేపటికి మొలతాడు దగ్గరి తాళంచెవి తీసి నా వైపు విసిరాడు. అది నాకు అందలేదు, నేల మీద పడింది. తీసుకుని సొరుగు తెరిచి, నాలుగున్నర వేలు తీసి అమ్మ ఎడం చేతిలో పెట్టాను.

"చీటీ రాయి" అన్నాడు నాన్న. అలవాటు.

"ఎవరి పేరున?"

ఆయన దవడ కదిలింది. మా ఇంట్లో అమ్మ 'ఏమే', 'ఒసే', 'మీ అమ్మ'. ఆయన నోట ఆమె పేరు నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. రాశాను.

అమ్మ చీటీ మడిచి, చెప్పులు వేసుకుని బండెక్కింది. నేను పుస్తకం మూసి కౌంటరు మీద పెట్టాను. నాన్నకి ఆ చప్పుడు అర్థమైంది.

"నువ్వాగు. సాయంత్రం బీరువా బేరానికి వస్తున్నారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది.

"ఎడం తలుపు కింది బందు విరిగింది నాన్నా. వెనక రేకు కొత్తది, దానికి పాత రంగు వేశారు. లోపల ఒక అర తక్కువ. ఐదు వేలు దాటకండి" అని చెప్పి బయటికి వచ్చాను.

బండి కదిలి నాలుగు దుకాణాలు దాటాక మొదటి దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి. ఇనుము చెక్క మీద పడే చప్పుడు, తెరిపి లేకుండా, ఒకదాని మీద ఒకటి. దుకాణాల వాళ్ళంతా బయటికి వచ్చి అటే చూస్తున్నారు. చెల్లి తన రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుంది. బండాయన తొక్కడం ఆపి వెనక్కి తిరిగాడు.

"ఆపమంటావా అమ్మా?"

అమ్మ వెనక్కి చూడలేదు. కట్టు చేతిని మూట మీద ఆనించుకుని సర్దుకుని కూర్చుంది.

"పోనీ నాయనా" అంది. "అది ఇప్పుడు ఆయన బల్ల."